అర్జీ నంబరు పదిహేడు

సోమవారం ఉదయం చిట్టి వేసుకున్న పథకం చాలా చిన్నది. వసారాలో అమ్మను కలవడానికి వచ్చినవాళ్ల వరసలో నిలబడాలి, కాగితం ఇవ్వాలి, బడికి వెళ్లిపోవాలి. వాళ్లమ్మ శాసనసభ్యురాలు. ఇంట్లో మాట్లాడదామంటే ఫోను మోగుతుంది, ఫోను ఆగితే ఎవరో తలుపు కొడతారు. "మీ అమ్మతో పని పడితే నేనే వెళ్లి ఆ వరసలో నిలబడాలి తల్లీ" అని నాన్న టీ తాగుతూ వేళాకోళానికి అన్న మాటను చిట్టి నిజంగానే తీసుకుంది.

పింఛను ఆగిపోయిన తాతగారికీ, వీధి దీపం వెలగని ఆవిడకీ మధ్య నిలబడింది. వంతు రాగానే కాగితం చాపింది. అమ్మ తలెత్తకుండానే అందుకుని చదివింది.

"గౌరవనీయులైన అమ్మగారికి. విషయం: లెక్కల్లో పందొమ్మిది మార్కులు వచ్చినందున గురువారం పది గంటలకు మీరు స్వయంగా బడికి రావలసి ఉన్నది. పోయినసారి మీ బదులు పీయే అంకుల్ వచ్చి, టీచరు చెప్పిందంతా రాసుకుని, సమస్య మా దృష్టిలో ఉందని చెప్పి వెళ్లారు. క్లాసంతా నవ్వింది."

అమ్మ తలెత్తింది. "నువ్వేంటే ఇక్కడ?"

"నా వంతు వచ్చింది," అంది చిట్టి చెప్పులకేసి చూసుకుంటూ.

"పందొమ్మిదేంటి? యాభైకా?"

"వందకి."

వెనకున్న దీపం ఆవిడ "అయ్యో" అంది.

అమ్మ పచ్చ సిరా పెన్ను తీసింది. ఆ పెన్ను "పరిశీలిస్తాం" అని రాస్తే పని జరగదనీ, "తప్పక" అని రాస్తే జరుగుతుందనీ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పెన్ను కాసేపు గాల్లో ఆగి, "తప్పక వస్తాను" అని రాసి సంతకం పెట్టింది.

"హడావుడేం ఉండదు. కారు కూడా వద్దు. ఉత్త అమ్మలాగా వస్తాను, సరేనా?" అంది అమ్మ, చిట్టి చెవిలో. చిట్టి గాల్లో తేలుతూ బడికి వెళ్లింది.

కాగితం మాత్రం అలవాటు కొద్దీ పక్కనున్న ట్రేలో పడింది. ట్రేలో పడిన దేనికైనా నంబరు వేయడం పీయేగారికి ఊపిరి తీసుకోవడం లాంటిది. పదిహేడు అని వేశాడు. "తప్పక వస్తాను" అని ఉంది కాబట్టి పర్యటన కార్యక్రమంలో ఎక్కించాడు. పర్యటన కార్యక్రమం ప్రతివారం పన్నెండు ఆఫీసులకు వెళ్తుంది. ఇది కూడా వెళ్లింది: "గురువారం ఉదయం పది గంటలు. ఉన్నత పాఠశాల. లెక్కల్లో పందొమ్మిది మార్కుల సమస్య. స్వయంగా పరిశీలన."

అది చదివి విద్యాధికారి కుర్చీలోంచి లేచి హెడ్మాస్టరుకు ఫోను చేశాడు.

"పందొమ్మిదేంటండీ? మీ బడి మొత్తం సగటా? ఆవిడకి ఎవరు చెప్పారు?"

"మేమేం చెప్పలేదండీ!"

"అసలు మీ లెక్కల మాస్టారు ఎవరు?"

"ఎనిమిది నెలల నుంచి లేరండీ."

"గురువారం ఉంటారు," అన్నాడు విద్యాధికారి.

మిగిలిన పదకొండు ఆఫీసులూ ఊరుకోలేదు. బుధవారానికల్లా బడి దారిలో గుంతలు పూడాయి, వీధి దీపాలు పట్టపగలే వెలిగాయి, గేటుకు నీలం రంగు పడింది. "రేపెవరో పెద్దవాళ్లు వస్తున్నారటే," అంది పక్క బెంచీ అమ్మాయి. ఆ పెద్దవాళ్లెవరో ఇంకో రోజు రాకూడదా? వాళ్ల గొడవలో అమ్మతో టీచరు ఏం మాట్లాడుతుంది?

గురువారం అమ్మ మామూలు నూలు చీర కట్టుకుని, ఫోను నాన్న చేతిలో పెట్టి, చిట్టితో నడిచి బయల్దేరింది. "చూశావటే, రోడ్డు ఎంత బాగుందో! మీ అమ్మ ఏం పట్టించుకోదని అంటావు," అంటూ గర్వంగా బడి గేటు తోసింది. అరచెయ్యి నీలంగా మారింది.

లోపల వేదిక, రెండొందల కుర్చీలు, పన్నెండు ఆఫీసుల జనం. అందరికంటే ముందు గడియారం చూసుకుంటూ పీయే.

"మూడు నిమిషాలు ఆలస్యం మేడమ్."

"మీరేంటండీ ఇక్కడ!"

"అర్జీ నంబరు పదిహేడు మేడమ్."

"అది నా కూతురు రాసిందండీ!"

"తెలుసు మేడమ్. కానీ వరసలో వచ్చింది. నంబరు పడింది."

క్లాసు టీచరు చేతిలో ఎవరో పెద్ద పూలగుత్తి పెట్టి ఒక మూల నిలబెట్టారు. పూల వెనక ఆవిడ ముఖం కూడా కనబడడం లేదు. ఇంక ఏం మాట్లాడుతుంది? చిట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. తల దించుకుని తన తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లి, ఆఖరి బెంచీలో కూర్చుంది.

విద్యాధికారి అమ్మను నేరుగా అక్కడికే తీసుకొచ్చాడు. నల్లబల్ల దగ్గర ఒకాయన చకచకా లెక్క వేస్తున్నాడు. "లెక్కల మాస్టారు మేడమ్. ప్రాణం పెట్టి చెబుతారు."

అమ్మ వెళ్లి చిట్టి పక్కన ఇరుక్కుని కూర్చుంది. మోకాళ్లు బల్లకు కొట్టుకున్నాయి. మైకు పట్టుకున్నాయన కూడా వెంటే వచ్చి, ఆమె నోటి ముందు మైకు పెట్టాడు. అది ఆయన పని.

"మాస్టారు బాగా చెబుతారా?" అమ్మ గుసగుసగా అడిగింది. గుసగుస మైదానం దాటి వీధిలో వినబడింది. మైకు చిట్టి వైపు తిరిగింది.

హాజరు తప్ప ఆ క్లాసులో చిట్టి గొంతు ఎవరూ విని ఎరగరు. కానీ పక్కన ఉన్నది అమ్మ. ఇంత దగ్గరగా కూర్చుని, ఫోను లేకుండా, జవాబు కోసం చూస్తోంది.

"బాగానే చెబుతున్నారమ్మా," అంది చిట్టి. "కానీ ఈయనెవరో నాకు తెలీదు. మాకు ఎనిమిది నెలల నుంచి లెక్కల మాస్టారు లేరు కదా."

వీధి చివరిదాకా వినబడింది. విద్యాధికారికి దగ్గు వచ్చింది. మాస్టారు సుద్దముక్క కింద పెట్టాడు. "నేను పక్క ఊరి బడి వాణ్నండీ. మధ్యాహ్నానికి వెళ్లిపోవాలి."

అమ్మ లేచింది. "ఎనిమిది నెలలా? నాకొక్క ముక్క చెప్పాలని ఒక్కరికీ తోచలేదా?"

హెడ్మాస్టరు భయపడుతూనే బీరువా తెరిచి మూడు కాగితాలు తెచ్చాడు. "మూడుసార్లు పంపామండీ. మూడూ తిరిగొచ్చాయి." మూడింటి మీదా పచ్చ సిరా. మూడింటి మీదా "పరిశీలిస్తాం". చేతిరాత అమ్మదే.

అమ్మ మూడు కాగితాలూ ఒక్కొక్కటిగా తిప్పి చూసింది. "తప్పు నాది," అంది చివరికి. మైకాయన మైకు తీయడం మరిచిపోయాడు. ఆ మాట కూడా వీధంతా విన్నది.

"మాస్టారూ, మిమ్మల్ని ఉంచేస్తే మీ బడి పిల్లల గతేంటి?"

"అక్కడ లెక్కలకి ఇద్దరం ఉన్నామండీ. చెప్పడానికి సగం రోజులు నాకు క్లాసే దొరకదు."

అమ్మ పెన్ను తీసి మూడు చోట్లా "పరిశీలిస్తాం" కొట్టేసి "తప్పక" అని రాసింది. పన్నెండు ఆఫీసులు చూస్తుండగా విద్యాధికారి సంతకం పెట్టక తప్పలేదు.

అప్పుడు క్లాసు టీచరు పూలగుత్తి బెంచీ మీద పడేసి వచ్చింది. "ఎప్పట్నించో చెబుదామనుకుంటున్నానండీ, మీ అమ్మాయి అసలు నోరు విప్పదు."

"ఇప్పుడు విప్పింది కదండీ," అంది అమ్మ, నీలం చెయ్యి చిట్టి భుజం మీద వేసి. యూనిఫాం మీద అయిదు వేళ్లూ పడ్డాయి. ఆ మరక ఎంత ఉతికినా పోలేదు. చిట్టి పెద్దగా ఉతకనూ లేదు.

కొత్త మాస్టారు శుక్రవారం నలభై లెక్కలు ఇంటిపని ఇచ్చాడు. ఎనిమిది నెలల బాకీ అన్నాడు. క్లాసంతా చిట్టి వైపు తిరిగి చూసింది.

శనివారం ఉదయం వసారా వరసలో తొమ్మిదో మనిషి చిట్టి. "విషయం: ఇంటిపని తగ్గించుట గురించి."

అమ్మ ఈసారి ముందే తలెత్తి చూసి నవ్వింది. కాగితం మొత్తం శ్రద్ధగా చదివి, పచ్చ సిరాతో గుండ్రంగా "పరిశీలిస్తాం" అని రాసింది.