అణువులు కదలడానికి అనుమతి పత్రం

మానవజాతి సాధించిన ఘనకార్యాలలో ఉచిత సాఫ్ట్‌వేర్ ముందు వరసలో నిలుస్తుంది. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, బాగు చేయవచ్చు. నడపడం ఒక్కటే కాస్త ఆలస్యమవుతుంది.

మా రసాయనశాస్త్ర విభాగంలో ఒక పరిశోధకురాలు ఉండేది. ఒక మందు అణువు ప్రొటీన్ గుంటలో కుదురుగా కూర్చుంటుందా, జారిపోతుందా అన్నది ఆమె ప్రశ్న. అణువుల కదలికలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఉంటే జవాబు దొరుకుతుంది. పట్టా గడువు ఎనిమిది నెలలుంది.

"దించుకుని కంపైల్ చెయ్యమ్మా. ఒక్క పూట పని," అన్నారు గైడుగారు. (ఆయన చివరిసారి కంపైల్ చేసింది ఉద్యోగంలో చేరకముందు.)

కంపైల్ చేయడమంటే మనుషులు రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే భాషలోకి మార్చడం. విభాగం పెద్ద కంప్యూటర్‌లో ఆ మార్చే పనిముట్టు పాతబడిపోయింది. కొత్తది పెట్టాలంటే ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, కావాలి. ఆ లైబ్రరీ కొత్త పనిముట్టుతో తప్ప కంపైల్ కాదు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. రెండూ పెట్టే అధికారం కంప్యూటర్ కేంద్రంలోని అనుమతుల అధికారిది.

"ఈ సాఫ్ట్‌వేర్ మీకు అవసరమని రుజువేదీ?" అన్నాడాయన ఫారం తిరగేస్తూ.

"ఏం రుజువు కావాలండీ?"

"దాంతో మీరు తెచ్చిన ఫలితాలు. రెండు కాపీలు."

"ఇన్‌స్టాల్ చేస్తేనే కదండీ ఫలితాలొచ్చేది."

"అందరూ ఇదే మాటంటారమ్మా," అన్నాడాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఆమె తన ల్యాప్‌టాప్‌లో ఎలాగోలా ఎక్కించి, కాసిని నీటి అణువులను పదకొండు రోజులు కదిలించింది. (అందులో ప్రొటీన్ పెడితే నాలుగేళ్ళు పడుతుంది.) ఆ బొమ్మలు రెండు కాపీలు తీసి ఇచ్చింది. నీళ్ళు కదులుతాయని రుజువైనందుకు అధికారి సంతోషించి, మూడు నెలల్లో సంతకం పెట్టాడు.

అప్పుడు అసలు కంపైల్ మొదలైంది. ఎర్రర్లు రెండు వందల పన్నెండు. వాడకందారుల వేదికలో సాయమడిగితే జవాబు వెంటనే వచ్చింది: "ఈ ప్రశ్న తొమ్మిదేళ్ళ క్రితమే అడిగారు. ఎవరికీ తెలియలేదు కాబట్టి మూసేశాం."

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. "ఎక్కిందా, అమ్మాయ్?"

"తొంభై ఎనిమిది శాతం దగ్గర ఆగిపోయిందమ్మా."

"అన్ని మార్కులొచ్చాక ఇంకేం కావాలే?"

ఆమె నవ్వింది. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, రెండు వందల పన్నెండింటినీ ఒక నోటు పుస్తకంలో రాసుకుని, రోజుకు నాలుగైదు చొప్పున కొట్టేస్తూ వచ్చింది. ఏడో నెల రెండో వారంలో సాఫ్ట్‌వేర్ నడిచింది. తెర మీద మందు అణువు కాసేపు తడబడి, ప్రొటీన్ గుంటలో ఒదిగి కూర్చుంది. జారలేదు. ఎవరినీ పిలవకుండా ఆమె దాన్ని పదిసార్లు చూసుకుంది.

ఫలితాలు బయటికి తీసుకెళ్ళాలంటే చివరి ఫారం ఒకటుంది. వ్యాసం చివర కృతజ్ఞతగా ఏం రాయాలో కేంద్రమే అచ్చు వేసి ఉంచింది. కింది పెట్టెలో దాన్ని స్వయంగా టైపు చేయాలి.

"కంప్యూటర్ కేంద్రం అందించిన సత్వర సహకారం లేనిదే ఈ పరిశోధన సాధ్యమయ్యేది కాదు," అని ఆమె టైపు చేసింది.

ఏడు నెలల్లో మొదటిసారికే ఏ ఎర్రరూ రాకుండా పోయిన వాక్యం అదొక్కటే.