హైందవి పాడని తోడి

అమీర్‌పేట గోడలన్నీ జావా, ఒరాకిల్ పోస్టర్లతో నిండిపోయి ఇంటి నంబర్లు కూడా కనపడని రోజుల్లో, అలాంటి ఒక గోడ వెనక, రెండో అంతస్తు వాటాలో, నగరంలోకెల్లా నిష్పాక్షికుడైన సంగీత విమర్శకుడు నివసించేవాడు. పేరు జోగారావు. పత్రిక 'ప్రజాదర్పణం'. ఆయన సమీక్ష ఒక్కటైనా తప్పిన దాఖలా లేదు. కారణం సులువు. ఆయన సమీక్షను కచేరీ కంటే ముందే రాసేవాడు.

ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. నగర పేజీ సాయంత్రం ఆరింటికి మూతపడుతుంది. కచేరీ ఆ తర్వాతే మొదలవుతుంది. ఒక రోజు ఆగి రాస్తే వార్త చల్లారిపోతుంది. అందుకని సభ వాళ్ళు పొద్దున్నే ఆహ్వాన పత్రికతో పాటు పాటల వరస కూడా పంపేవారు. జోగారావు భోజనం చేసి, సమీక్ష రాసి, ఆఫీసులో ఇచ్చి, సాయంత్రం హాలుకు వెళ్ళి మొదటి వరసలో కూర్చునేవాడు. తను రాసినట్టే జరుగుతోందో లేదో చూసుకునేవాడు. జరక్కపోతే అది గాయకుల లోపం.

ఆయన ఈ పదవికి తగినవాడే. పాత విమర్శకుడు రిటైరైన నాడు ఎడిటర్ గారు "మీలో ఎవరింట్లో సంగీతం ఉందయ్యా?" అని అడిగారు. పెళ్ళిచూపుల్లో తన భార్య అరుణాదేవి వీణ వాయించిన సంగతి జోగారావు నిజాయితీగా ఒప్పుకున్నాడు. అంతవరకు ఆయన బజారు ధరలు రాసేవాడు. ఆ అనుభవమూ వృథా పోలేదు. 'మినప్పప్పు పుంజుకుంది, బెల్లం నిలకడగా ఉంది' అని రాసిన చెయ్యే 'రెండో అంశంలో గాత్రం పుంజుకుంది, వయొలిన్ నిలకడగా సాగింది' అని రాసింది. ఆ క్లుప్తతకు పాఠకులు ముగ్ధులయ్యారు. ప్రతి సమీక్ష చివరా 'ధ్వని వ్యవస్థ మరికొంత మెరుగ్గా ఉండవలసింది' అని ఒక వాక్యం తప్పనిసరి. ఆ హాళ్ళలో ఆ వాక్యం ఎన్నడూ అబద్ధం కాలేదు. అది లేకపోతే ఆయన వట్టి పొగడ్తల మనిషి. అది ఉండబట్టి విమర్శకుడు.

ఇంత పెద్ద విమర్శకుడు ఎన్నడూ వినని గాత్రం నగరంలో ఒక్కటే ఉండేది. అది ఆయన కూతురు హైందవిది.

ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ శ్రీనగర్ కాలనీలో కమలకుమారి టీచర్ దగ్గర నేర్చుకుంటోంది. తోటి పిల్లలంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరిపోయినా తను తంబూరా వదల్లేదు. తెల్లారుజామున ఆమె సాధన చేస్తుంటే జోగారావు ముసుగు ఇంకాస్త బిగించేవాడు. అది నిద్ర కాదు, సూత్రం. "ఇంట్లో వింటే పక్షపాతం వచ్చేస్తుందమ్మా. నిన్ను సభలోనే వింటాను" అనేవాడు. అంత నిష్ఠగల తండ్రి దొరకడం ఆ పిల్ల అదృష్టమని బంధువులు చెప్పుకునేవారు.

చివరికి పంజగుట్టలోని గానసుధా సమాజం వారు హైందవి మొదటి కచేరీ పెట్టారు. ప్రధానాంశం తోడి. ఆ రాగాన్ని నెలల తరబడి గొంతులో మరిగించుకుంది.

"నాన్నా, అందరివీ ఎలాగైనా రాసుకో. నాది మాత్రం విని రాయి. ఒక రోజు ఆలస్యమైనా ఫరవాలేదు" అంది.

"ఆడిన మాట తప్పుతానా అమ్మా" అన్నాడు జోగారావు.

ఆయన మాట తప్పే మనిషి కాదు. పరిస్థితి మారింది. కచేరీ ముందురోజు సమాజం కార్యదర్శి చక్రపాణి ఫోన్ చేశాడు. "జోగారావు గారూ, అమ్మాయి కచేరీ వేదిక మీదే తమరికి 'విమర్శక శిఖామణి' బిరుదు ప్రదానం చేద్దామని కమిటీ తీర్మానమండీ. పెద్దగా టైమేం పట్టదు. మధ్యలో చిన్న కార్యక్రమం."

సన్మానం వార్త సభ మర్నాటి పేజీలోనే రావాలి. సన్మానం వార్త ఉండి, కచేరీ వార్త లేకపోతే చూసేవాళ్ళకు బాగుండదు. కన్నకూతురికి అంత అన్యాయం చేయలేక, జోగారావు కచేరీ రోజు మధ్యాహ్నం భోజనం చేసి, యథాప్రకారం సమీక్ష రాసి ఇచ్చేశాడు.

సాయంత్రం హాలు నిండింది. తెలుగువాళ్ళు సంగీతానికి రాకపోవచ్చు గాని సన్మానానికి రాకుండా ఉండరు. ఎర్రమంజిల్ నుంచి అధికారులు వచ్చారు. ఎదురు వాటా రాజమణి, కింద తన ఫాల్స్ కుట్టే దుకాణం కట్టేసి మరీ వచ్చింది. హైందవి వర్ణం పాడింది. శ్రుతి సరిచూసుకుని, కళ్ళు మూసుకుని, తోడి ఆలాపనకు మొదటి స్వరం అందుకోబోయింది. సరిగ్గా అప్పుడు చక్రపాణి ఆమె ముందున్న మైకు తీసుకున్నాడు.

"ముఖ్య అతిథి గారికి మాసబ్ ట్యాంక్‌లో మరో సభ ఉన్నందువల్ల..."

ముఖ్య అతిథి సాయికిరణ్ గారు అమీర్‌పేటలో ఒక పెద్ద కోచింగ్ సెంటర్ యజమాని. ఆయన కళాహృదయం ఎలాంటిదంటే, వచ్చిన ప్రతి సభలోనూ సంగీతం గురించే మాట్లాడతాడు.

"సంగీతమంటే ఏంటండీ? సాఫ్ట్‌వేర్! గొంతు ఏంటండీ? హార్డ్‌వేర్! మరి విమర్శకుడో? ఆయన టెస్టింగ్ ఇంజనీరండీ! ఎక్కడ తప్పుందో చెప్పేవాడు లేకపోతే ఏ ప్రోగ్రామూ రన్నవదు!"

చప్పట్లు మోగాయి. తర్వాత శాలువాలు వచ్చాయి. అతిథి శిఖామణికి కప్పాడు. కార్యదర్శి అతిథికి కప్పాడు. కార్యదర్శికి ఎవరూ కప్పలేదని గమనించి కమిటీ ఆయనకూ ఒకటి కప్పింది. కప్పినవాళ్ళంతా రెండు మాటలు మాట్లాడారు. వీళ్ళందరి కాళ్ళ మధ్య, తంబూరా విరక్కుండా చేతులు అడ్డం పెట్టుకుని హైందవి కూర్చుంది.

జోగారావు బదులు చెప్పే వంతు వచ్చింది. మృదంగం నరేందర్ కూర్చున్నచోటి నుంచే ఆయన పంచె అంచు పట్టుకుని మెల్లగా లాగాడు.

"సార్, హాలు టైమింక అర్ధగంటే ఉన్నది. మీరు జర జల్ది ముగిస్తే బిడ్డ తోడి అందుకుంటది."

"రెండు ముక్కలేనయ్యా" అన్నాడు జోగారావు. నిజంగానే రెండు ముక్కలే అనుకున్నాడు. కాని మైకు చేతికొచ్చింది. జీవితమంతా ఇతరుల ముందున్న మైకును విమర్శించినవాడు. ఇది తన మైకు. బాగానే పనిచేస్తోంది.

"ఈ కాలంలో మాట్లాడేవాళ్ళే గాని వినేవాళ్ళేరీ?" అని ప్రారంభించాడు. వినడం ఎంత గొప్ప కళో చెప్పాడు. వినేవాడికి ఓర్పు కావాలన్నాడు. సభంతా ఓర్పుతో విన్నది. నరేందర్ మృదంగానికి గుడ్డ కప్పాడు. హైందవి తండ్రి వీపు వంక చూస్తూ ఉండిపోయింది. అరుణాదేవి మూడో వరస నుంచి చెయ్యి ఊపింది. అది మెచ్చుకోలు అనుకుని ఆయన శ్రోత లక్షణాలు మరికొన్ని చెప్పాడు.

హాలు కావలివాడు ఫ్యాన్లు ఆపడం మొదలెట్టాడు. "సమయాభావం వల్ల అమ్మాయి మంగళం పాడుతుంది" అని చక్రపాణి ప్రకటించాడు. ఆమె పాడింది. జనం చెప్పులు వెతుక్కున్నారు.

తెల్లవారి ప్రజాదర్పణం చదివి నగరం పులకించిపోయింది. 'ప్రధానాంశంగా హైందవి ఆలపించిన తోడి శ్రోతలను కదలనివ్వలేదు. నరేందర్ మృదంగ సహకారం నిండుగా ఉంది. ధ్వని వ్యవస్థ మరికొంత మెరుగ్గా ఉండవలసింది.'

సాయికిరణ్ గారు ఫోన్ చేశారు. "తోడి అంటే అదండీ! మాసబ్ ట్యాంక్ దాకా చెవుల్లోనే ఉంది" అన్నారు. మాసబ్ ట్యాంక్ సభవాళ్ళు కూడా ఫోన్ చేసి, వచ్చే వారం అదే తోడి కావాలన్నారు.

రాజమణి స్వీటు డబ్బాతో వచ్చింది. "ఏం పాడినవు బిడ్డా! మస్తు పాడినవు. గా తోడి కాడ నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్."

"తోడి పాడలేదు ఆంటీ. టైము లేదుగా" అంది హైందవి.

"సూశినవా వదినా" అని రాజమణి అరుణాదేవి వైపు తిరిగింది. "గింత పేరొచ్చినా పిల్లకు జరంత సుత గర్వం లేదు!"

ఆ సాయంత్రం హైందవి తంబూరా తెచ్చుకుని తండ్రి కుర్చీ ముందు కూర్చుంది. "సభలో వింటానన్నావు. అక్కడ కుదరలేదు. ఇప్పుడు విను నాన్నా" అంది.

జోగారావుకు తప్పించుకునే దారి లేదు. విన్నాడు. తోడి మెల్లగా గదిలోకి వచ్చింది. వీధిలో కోచింగ్ కరపత్రాలు పంచేవాళ్ళ కేకలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. అరుణాదేవి పొయ్యి ఆపి గుమ్మంలో నిలబడింది. జోగారావు కుర్చీలో ముందుకు జరిగాడు. వింటున్నది పుంజుకోవడమూ కాదు, నిలకడా కాదు. దాన్ని ఏమంటారో ఆయనకు తెలియలేదు. కాస్త భయం వేసింది.

తలుపు చప్పుడైంది. రాజమణి. "బిడ్డా, జర గా లొల్లి తగ్గియ్యరాదు? మా పోరనికి రేపు జావా పరీక్ష ఉన్నది."

"ఆంటీ, ఇదే ఆ తోడి" అంది హైందవి.

రాజమణి నిర్ఘాంతపోయింది. ఒక క్షణం చెవి ఒగ్గింది. "గిదా? ఏమో బిడ్డా... నిన్నటి లెక్క లేదు."

హైందవి తండ్రి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాన్నా. ఎలా ఉంది?"

జోగారావు ఆలోచించాడు. తోడి ఇంకా చెవుల్లో ఉంది. గోడకు అంటించిన పొద్దుటి సమీక్ష ముక్క కూడా ఉంది. రెంటినీ చూసుకున్నాడు. కూతురని మొగ్గు చూపకూడదు. విమర్శకుడన్నాక నిజం చెప్పాలి.

"బాగానే ఉందమ్మా" అన్నాడు. "కాని నిన్నటంత రాలేదు."

హైందవి తంబూరాకు గుడ్డ తొడిగింది. మాసబ్ ట్యాంక్ సభకు వెళ్ళలేదు. తర్వాత ఆమె ఎక్కడా తోడి పాడలేదు. అయినా ఆ తోడి పేరు మార్కెట్లో ఈనాటికీ నిలకడగానే ఉంది. ఆ సాయంత్రం పంజగుట్ట హాల్లో కూర్చుని స్వయంగా విన్నామని చెప్పేవాళ్ళు ఏటేటా పుంజుకుంటున్నారు. ఇప్పటికే వాళ్ళంతా ఆ హాల్లో పట్టరు.

ఇంతకీ, మీరు ఏ వరసలో కూర్చున్నారు?