ఖమరున్నీసా నోరు జారిన చోట

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది అది. పాల్వంచలో టైలరింగ్ షాపు నడిపే సిరాజుద్దీన్ ఆ ఉదయం చింతూరు ప్రయాణం పెట్టుకున్నాడు. అక్కడ కూతురు షబ్రీన్‌కు పాప పుట్టి నెల దాటింది, ఇంకా చూడనేలేదు. మనవరాలి కోసం తానే కుట్టిన గౌన్లు సంచిలో సర్ది, భార్య ఖమరున్నీసాను స్కూటర్ ఎక్కించుకున్నాడు. ఎండ ముదరకముందే చేరిపోవాలని ఇద్దరి ఆరాటం.

భద్రాచలం దాటగానే ఆంధ్రా హద్దులో చెక్‌పోస్టు. టెంటు కింద నర్సు జ్యోత్స్న ఇద్దరికీ జ్వరం చూసింది. లేదు.

"దగ్గు, జలుబు ఏమన్నా ఉన్నయా చాచా?"

"ఏం లేవు బిడ్డా."

అక్కడితో అయిపోవలసింది. కానీ ఖమరున్నీసాకు పొద్దుటి కోపం ఇంకా చల్లారలేదు.

"ఈయనకు దగ్గు లేదు, జలుబు లేదు. వాసన సుత లేదు," అందామె. "పొద్దుగాల పొయ్యి మీద పాలు మాడి బొగ్గయినయి. ఈయన పక్కనే కూసొని గుండీలు కుడుతుండు."

జ్యోత్స్న పెన్ను ఆగిపోయింది. "వాసన తెలుస్తలేదా? ఎన్నాళ్ల నుంచి?"

"నిఖా అయినకాడి నుంచి."

ఆ జవాబు వెనకనున్న లారీ హారన్‌లో కలిసిపోయింది. సిరాజుద్దీన్ తన ముక్కు బాగానే ఉందని నిరూపించాలని జేబులోంచి అత్తరు సీసా తీసి గట్టిగా పీల్చాడు. తుమ్ము మీద తుమ్ము వచ్చింది. లైన్లో ఉన్నవాళ్లంతా రోడ్డు అవతలికి జరిగారు.

"ఆయనకేం లేదమ్మా," ఖమరున్నీసా కంగారుగా సర్దబోయింది. "మొన్న మా తమ్ముని బిడ్డ పెండ్లిల మంచిగ తిరిగిండు."

"పెండ్లికి ఎంతమంది వచ్చిన్రు చాచీ?"

"లెక్కేంది బిడ్డా, మా దిక్కోళ్లు మొత్తం వచ్చిన్రు."

ఇక ఎవరూ ఏమీ అడగలేదు. పరీక్షకు ముక్కులో పుల్ల పెట్టి తీసి, ఇద్దర్నీ క్వారంటైన్ కేంద్రంగా మార్చిన దగ్గర్లోని బడికి పంపించారు. మగవాళ్లకు ఒక గది, ఆడవాళ్లకు ఒక గది.

సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి ఖమరున్నీసా కళ్లు తుడుచుకుంది. "నా నోరు ఊకుండదు. పిల్లను చూడకుండ చేసిన."

వరండాలో దూరంగా నిలబడ్డ సిరాజుద్దీన్, "ఊకో," అన్నాడు. "షాపు తెరిచి ఉంటే నీతోని గింతసేపు మాట్లాడుతుంటినా?"

మర్నాడు ఫలితాలొచ్చాయి. తుమ్మినాయనకు ఏమీ లేదు. దగ్గు గానీ జ్వరం గానీ లేని ఖమరున్నీసాకు కరోనా ఉంది.

ఆమె గోడకానుకొని కూలబడింది. "పోంగనే పిల్లను ఎత్తుకొని ముద్దు పెట్టుకుందును గదా," అంది.

"చాచీకి భయం లేదు, ఇక్కడే మందులిస్తాం," అంది జ్యోత్స్న. "మీరు పాల్వంచ తిరిగిపోయి ఇంట్ల విడిగా ఉండొచ్చు చాచా."

ఆయన కదల్లేదు. "రోగమున్నోళ్లతోని ఒక్క పూట ఉన్నోళ్లను సుత ఇక్కడ ఉంచుతరంట గదా?"

"అవ్ చాచా, ఉంచుతం."

"నేను ఈమెతోని ముప్ఫై ఏండ్లున్న బిడ్డా."

జ్యోత్స్న వరండా చివర ఇంకో మంచం వేయించింది. ఆ చెక్‌పోస్టు పెట్టినప్పటి నుంచి, వదిలేయమని కాకుండా ఉంచుకొమ్మని బతిమాలిన మనిషి సిరాజుద్దీన్ ఒక్కడే.