పది మగ్గుల నురగ

నురగ గేటు దాటి రోడ్డెక్కింది. బళ్ళారిలోని ఆ జీన్స్ వాషింగ్ యూనిట్ ముందు ఆటోలు ఆగిపోయాయి. ఎవరో యాసిడ్ లీకైందని కేక వేశారు. కాసేపట్లో ఫైరింజను కూడా వచ్చేసింది.

"నా యూనిట్ మూయిస్తారప్పా! ఎవురు చేసినారో చెప్పండి, రేపట్నుంచి వాళ్లు పనికి రావద్దు!" మోకాళ్ల లోతు నురగలో నిలబడి అరిచాడు యజమాని సుబ్బరామి.

కొత్త మిషన్ దగ్గరున్నది ఎలిజబెత్, యూనీస్. ఇద్దరి ముఖాలూ పాలిపోయాయి.

"నాకు సదువు రాదు సార్. యూనీస్ సదివింది, నేను చేసినా" అంది ఎలిజబెత్.

"కాగితంలో ఉండేదే సదివినా" అంది యూనీస్.

మిషన్ నడిపే పద్ధతి ఎనిమిది లైన్లలో రాసి గోడకు అంటించినవాడు సూపర్‌వైజర్ సైలస్. అతనికి రోషం వచ్చింది.

"నా కాగితం చిన్నపిల్లోల్లకు గూడా అర్థమైతాది సార్! వీళ్లే ఏందో చేసినారు. అక్కా, పక్క మిషన్ కాడికి రా. ఈడనే తేల్చేద్దాం."

ముగ్గురిదీ ఒకే చర్చి. అక్కడ ఒక లైను చదివితే సంఘం బదులు పలకాలి, ఆ తర్వాతే రెండో లైను. ముందుకు తొంగిచూసే అలవాటు ఎవరికీ లేదు. సైలస్ ఆదివారం వాక్యం చదివే గొంతు ఎత్తాడు. ఒక్కో లైనుకూ ఎలిజబెత్ చేతులు కదిలాయి.

"నాలుగు. పది మగ్గుల సబ్బు పొడి వేయవలెను."

కొత్తగా వచ్చిన సంచీలోంచి తీసి వేసింది.

"ఐదు. తలుపు బిగించవలెను. ఆరు. పచ్చ బటన్ నొక్కవలెను."

బిగించి, నొక్కింది.

"ఏడు. అరగంట వరకు మిషన్‌ను ముట్టరాదు."

చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎనిమిది. కొత్త పొడి అయితే..." సైలస్ గొంతు సన్నబడింది. "...ఒక్క మగ్గే చాలును."

మిషన్ గుర్రుమంది. తలుపు సందుల్లోంచి నురగ తన్నుకొచ్చింది.

"ఆపండప్పా!" సుబ్బరామి గావుకేక పెట్టాడు.

"ముట్టగూడదంట సార్" అంది ఎలిజబెత్ వినయంగా.

ఫైర్ ఆఫీసరే వెళ్లి కరెంటు తీశాడు. మీసాల మీది నురగ తుడుచుకుని పుస్తకం తెరిచాడు. "ఏనప్పా, రిపోర్టులో ఎవరి పేరు రాసుకునేది?"

సుబ్బరామి చూపు ఆడవాళ్లిద్దరి మీదుగా పోయి సైలస్ మీద ఆగింది. సైలస్ ఒక అడుగు ముందుకేశాడు.

"సైలస్ అని రాసుకోండి సార్."

పొద్దుట్నుంచి అతని మాటల్లో అందరికీ ఒక్కసారికే అర్థమైంది ఇదొక్కటే.