నలభై రెండు పిట్టలూ, ఒక తాచుపామూ

పక్షుల్ని చూడటానికి పక్షులు అక్కర్లేదు! ఫోన్ ఉంటే చాలు. ఈ సత్యాన్ని లోకానికి ప్రసాదించిన ఘనత, నానక్‌రామ్‌గూడ వెనక గుట్ట ఎక్కిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీది.

ఆ శనివారం జ్యోత్స్న కూడా ఎక్కింది. ఎక్కక చస్తుందా? 'ప్రకృతితో మమేకం' కార్యక్రమానికి రానివాళ్లు కారణం రాసివ్వాలని సర్క్యులర్. పైగా ఆమె ఉద్యోగం ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. పిట్టల్నీ అలాగే పట్టేస్తుందని మేనేజర్ రవీందర్ ఆశ.

గుట్ట కింద ఎండ. సగం ఎక్కేసరికి ఈదురుగాలి. పిట్టలు కొత్త చెయ్యకుండా నలభైమందికీ చిలకపచ్చ టీషర్టులు! ఒకరి భుజాన స్పీకరు. పాటలు వినడానికి ఒక్క పిట్టా రాలేదు. అయినా కూతను బట్టి పిట్ట పేరు చెప్పే ఫోన్ యాప్ చెవులు రిక్కించి నలభై రెండు జాతుల్ని గుర్తించింది. వాటిలో ఒకటి రవీందర్ రింగ్‌టోన్. కంటికి శ్రమ తప్పించిన ఈ సాంకేతికతను ఎంత పొగిడినా తక్కువే కాదూ?

పైకి చేరగానే వాన దంచికొట్టింది. అందరూ కార్లకేసి పరుగెత్తారు. మడమ బెణికిన జ్యోత్స్న మాత్రం, టీ ఫ్లాస్కులు మోసుకొచ్చిన ఆఫీసు ఆయమ్మ బాలమ్మతో కలిసి ఒక బండ చాటున నిలబడింది.

"మేడం, కాలు అక్కడ పెట్టకుండ్రి! జర కిందికి చూడుండ్రి."

రెండడుగుల దూరంలో, గులకరాళ్ల మధ్య, తీతువు పిట్ట. గూడు లేదు, గడ్డిపోచ లేదు. రెక్కలు కాస్త విప్పి, గుడ్లమీద కూర్చుని తడుస్తోంది. ముక్కు మీదుగా నీళ్లు కారుతున్నా కదల్లేదు. జ్యోత్స్న ఫోన్ తీయబోయి, మళ్లీ జేబులో పెట్టేసుకుంది.

"వేరే టైముల అయితే మనిషిని చూస్తే అరిచి ఆగం జేస్తది," అంది బాలమ్మ గొంతు తగ్గించి. "ఇప్పుడు లేస్తే గుడ్లు నానుతయని కూసున్నది."

మళ్లీ ఎండ. ఇద్దరూ మెల్లగా దిగేసరికి రవీందర్ మహా ఉత్సాహంగా ఉన్నాడు.

"సూపర్ హిట్! వచ్చే శనివారం ఇక్కడికే ఐదు వందల మందిని తెద్దాం. జ్యోత్స్నా, మీకేం కనిపించింది?"

జ్యోత్స్న ఒక్క క్షణం గుట్టవైపు చూసింది.

"తాచుపాము సార్."

"నిజమా?" అతను బాలమ్మ వైపు తిరిగాడు.

"ఒక్కటి గాదు సార్," అంది బాలమ్మ ఫ్లాస్కు మూత బిగిస్తూ. "జోడి."

సోమవారానికల్లా భద్రతా కమిటీ గుట్టను నిషేధించింది. పక్షుల పట్టికలో సున్నా తెచ్చుకున్న ఏకైక ఉద్యోగి జ్యోత్స్నకు 'పరిశీలనాశక్తి' మీద రెండు రోజుల శిక్షణ వేశారు. ఆమె సంతకం పెట్టింది.

అంతమాత్రాన ప్రకృతిప్రేమ ఆగుతుందా! వచ్చే శనివారం ఐదు వందల మందీ చెరువుకు వెళ్తున్నారు. అక్కడి కొంగలకు ఈ కబురు ఇంకా అందలేదు.