కల్లంలో సినెక్డకీ

ఇంగ్లీషు కవిత్వంలోని అలంకారాల పేర్లు బట్టీ పట్టని వాడికి ఈ దేశంలో మిరపకాయ కొరికే అర్హత కూడా లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి. నేను ఇంగ్లీషు లెక్చరర్‌ని. పైగా బి.ఏ. పేపర్లు దిద్దే ఎగ్జామినర్‌ని!

సిమిలీ, మెటఫర్, హైపర్‌బోలీ, ఆనమటపియా, సినెక్డకీ! ఏం పేర్లండీ అవి! పదిహేనేళ్ల కిందట, చిలకలూరిపేట పక్కన మా ఊళ్లో నేను 'సినెక్డకీ' అని గట్టిగా వల్లె వేస్తే అరక కట్టిన ఎద్దులు ఆగిపోయేవి. వాటికి అర్థమైందని మా నాన్న నమ్మకం. నాకు మాత్రం కాలేదు. అయినా అర్థం కావడానికి అది చదువు గానీ సామెతా?

ఈ పేర్లు రానివాడి బతుకేమిటో ఆలోచించండి. వాన పడితే వాడు ఊరికే తడుస్తాడు. వచ్చినవాడు, ఆ వాన మెటఫరా, పర్సానిఫికేషనా అని తేల్చుకున్నాకే తడుస్తాడు. ఎంత తేడా!

నేను అలాగే తడిశాను. పరీక్ష పది రోజులుందనగా మా అమ్మ అంకమ్మ నన్ను మిరపకాయల కల్లంలో కాపలా కూర్చోబెట్టి, మబ్బు పడితే కాయల మీద పట్టాలు కప్పమని చెప్పి ఇంటికి వెళ్లింది. కాసేపటికి కోటప్పకొండ వైపు నుంచి మబ్బు లేచింది. 'మబ్బు ముఖం చిట్లించింది' అని నోట్సు అంచున రాసుకుని మురిసిపోయాను. అది ఏ అలంకారమో నిర్వచనం వెతికి పట్టుకునేసరికి కాయలు నీళ్లలో తేలుతున్నాయి. తడిసిన కాయ ఎండాక తెల్లబడి తాలవుతుంది. ఏడాది కష్టంలో సగం ఆ పూట తాలైంది.

అమ్మ తడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"ఏరా ఆంజనేయులూ, ఆకాశం అంత మొత్తుకుంటుంటే నీ చెవిన పడలేదా? దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చున్నావు. కలం పట్టిన చేతికి పట్టా బరువైందా? నేను కూర్చుని ఏడిస్తే ఈ కల్లం ఇంకోసారి మునిగిపోద్దిరా. ఎంత తెలివైన కొడుకుని కన్నాను నాయనా."

నేను తల వంచుకుని, వేళ్ల మీద లెక్కపెట్టాను. పర్సానిఫికేషన్, సిమిలీ, హైపర్‌బోలీ, ఐరనీ. మధ్యలో ఆ కలం పట్టిన చెయ్యి, మనిషి మొత్తానికి బదులు ఒక్క చెయ్యి, అక్షరాలా సినెక్డకీ! వేలిముద్ర వేసే మా అమ్మ ఒక్క ఊపిరిలో సిలబస్ పూర్తి చేసింది. నాకు సిగ్గు వేసింది. కొండంత ధైర్యమూ వచ్చింది.

పరీక్షలో ఆ తిట్లన్నీ ఇంగ్లీషులోకి మార్చి ఉదాహరణలుగా రాసి వచ్చాను. ఫెయిలయ్యాను. పేపరు దిద్దిన మహానుభావుడెవరో నాకు బుద్ధి చెప్పాడు! సెప్టెంబరులో మళ్లీ కూర్చుని, బజారు నోట్సులో ఉన్నట్టే మంచు గురించీ, నైటింగేల్ గురించీ రాశాను. మంచు నేనెన్నడూ చూడలేదు. ఆ పిట్ట కాకంత ఉంటుందో కోడంత ఉంటుందో ఇప్పటికీ తెలియదు. హాయిగా పాసయ్యాను. ఆ పిట్ట దయవల్లే ఎం.ఏ., ఉద్యోగం, గుంటూరులో ఇల్లు.

మొన్న వేసవిలో ఒక పేపరు దిద్దుతున్నాను. పర్సానిఫికేషన్‌కి ఉదాహరణ ఇవ్వమంటే ఎవరో అభ్యర్థి తడబడే ఇంగ్లీషులో ఇలా రాశాడు: 'కాయలన్నీ లారీ ఎక్కి వెళ్లిపోయాక మా కల్లం ఒంటరిగా కూర్చుని తుమ్మింది.'

చదవగానే నాకు తుమ్మొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆవిడని వంటింట్లోంచి పిలిచి రెండుసార్లు చదివి వినిపించాను. తర్వాత ఎర్రసిరా పెన్ను తీసి సున్నా చుట్టాను. నోట్సులో లేదు మరి! ఆ హాల్‌టికెట్ నంబరు రెండంటే రెండు మార్కుల తేడాతో ఫెయిలైంది. సెప్టెంబరులో అతనూ నైటింగేల్ గురించి రాసి పాసవుతాడు, సందేహం లేదు.

ఆనాడు నేను తడిపిన కాయల్ని అమ్మ వారం రోజులు ఎండలో కూర్చుని ఏరింది. చేత్తో తడిమితే చాలు, ఏది తాలో ఏది మంచి కాయో ఆమెకు తెలిసిపోయేది. నేనూ పదేళ్లుగా ఫ్యాను కింద కూర్చుని ఏరుతున్నాను. మంచి కాయలన్నీ తాలు గుట్టలో వేస్తున్నాను.