పోయిన పిల్లి గంట

ఆ రోజు పొద్దున్న ఆ ఇంట్లో అనుకున్న పని ఒక్కటే. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఇంటాయన్ని సాయంత్రం దాకా కదపకుండా పడుకోనివ్వాలి.

ఆయన పని ఐస్ ఫ్యాక్టరీలో. దిమ్మలు మోసీ మోసీ చేతులెప్పుడూ చల్లగానే ఉంటాయి. సోమవారం నుంచి రాత్రి షిఫ్టు వేశారు. పగలు పడుకుంటే కట్టెలా బిగుసుకుపోతాడు. ఊపిరి ఉందో లేదో తెలియదు. ఇల్లాలు మాటిమాటికీ వెళ్లి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటోంది.

అది చాలదన్నట్టు కూతురి చార్టు ఒకటి. కూతురు బళ్లో టీచరు. ఇంగ్లీషు జాతీయాలు ఎలా పుట్టాయో తెలుగులో రాసి, రంగు ఆరాలని గోడకి తగిలించింది. 'పూర్వం కొందరిని బతికుండగానే పోయారనుకుని పూడ్చిపెట్టేవారు. ఆ భయంతో వేలికి దారం కట్టి, పైన గంట వేలాడదీసేవారు. లోపలి మనిషి కదిలితే గంట మోగేది. అలా బయటపడ్డవాడు సేవ్డ్ బై ద బెల్, అంటే గంట కాపాడినవాడు. ఆ గంట కోసం రాత్రంతా సమాధుల దగ్గర కాపలా ఉండటం గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్.'

"మీ నాన్న రాత్రి డ్యూటీని కూడా అలాగే అంటారా?" అని అడిగింది తల్లి.

"అంటారమ్మా. ఊరికే మాటవరసకి," అని కూతురు చార్టు చుట్టుకుని బడికి వెళ్లిపోయింది.

మాటవరసకైనా సమాధుల పేరేమిటి? తల్లి లేచి అలమర తెరిచింది. పోయినేడు చచ్చిపోయిన పిల్లి మెడలోని గంట అందులోనే ఉంది. దారం ఒక కొస నిద్రపోతున్న భర్త కాలి బొటనవేలికి కట్టింది. రెండో కొస తలుపు కిందనుంచి లాగి, వంటింటి మేకు మీదుగా గంటని వేలాడదీసింది.

గంట మోగినప్పుడల్లా ఆమెకి ప్రాణం లేచివచ్చేది. పదిన్నరకి మోగడం మానేసింది. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. కుళాయిలోంచి పడే చుక్కలు తప్ప ఇంట్లో చప్పుడు లేదు. ఆ తర్వాత టింగ్ మంది. కాసేపాగి టింగ్. సరిగ్గా అంతే ఆగి మళ్లీ టింగ్. అరగంట అదే వరస. నిద్రలో మనిషి అంత లెక్కగా కదలడు. ఆ పిల్లి మాత్రం అలాగే నడిచేది. ఆమె పాలగిన్నె వైపు చూసింది. మూత పక్కకి జరిగి ఉంది.

కింద వాటాలో రిటైరైన నర్సు ఉంటుంది. "అక్కా, ఒక్కసారి రా. మా ఆయన కదులుతున్నాడు."

"కదిలితే మంచిదేగా?"

"కదిలే తీరు బాగాలేదక్కా."

ఇద్దరూ గది తలుపు తోశారు. మంచం ఖాళీ. దుప్పటి మాత్రం తలనుంచి కాళ్ల దాకా పరిచినట్టే ఉంది. దారం మంచం కిందుగా వెళ్లి మూలనున్న టేబుల్ ఫ్యాను మెడకి చుట్టుకుని ఉంది. ఫ్యాను మెల్లగా తల తిప్పి వాళ్లిద్దరి వైపూ చూసింది. వంటింట్లో టింగ్ మంది.

వీధి తలుపు గడియ తీసి ఉంది. చెప్పులు లేవు. ఆమె మేకు మీది గంటని తెంపుకుని వీధిలోకి పరిగెత్తింది. మలుపులో సెలూన్ ముందు జనం మూగి ఉన్నారు.

లోపల కుర్చీలో ఆయన. మెడ దాకా తెల్లగుడ్డ, మొహం మీద తువ్వాలు.

"గడ్డం సగం గీశానమ్మా," అన్నాడు సెలూన్ ఆయన. "ఎంత కుదిపినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. చెయ్యి చూడండి, మంచుగడ్డే. మీరు భయపడతారని మొహం కప్పాను. ఫ్యాక్టరీకి ఫోన్ కూడా చేసేశాను."

ఆయన చెయ్యి ఎప్పుడూ అంతేనని చెప్పబోయింది. ఈలోపే పరిగెత్తుకొచ్చిన నర్సు ఆయాసపడుతూ నాడి పట్టుకుంది. దొరికిన నాడి ఆయనదో తనదో ఆవిడకే తేలలేదు. ఇంతలో వ్యాను ఆగింది. ఇద్దరు మనుషులు తలలు వంచుకుని రెండు ఐస్ దిమ్మలు దింపారు.

"మేనేజరు గారు పంపారమ్మా. మనవాడే కదా, కాస్త పెద్దవే తెచ్చాం."

నలుగురు కలిసి ఆయన్ని కుర్చీలోంచి ఎత్తబోయారు. ఆమె అడ్డం వెళ్లింది. పిడికిట్లో గంట ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చార్టు ప్రకారం మోగించాల్సింది లోపలున్న మనిషి. ఆయన మోగించకపోతే తను మోగిస్తుంది. చెవి దగ్గర పెట్టి ఊపింది.

తువ్వాలు జారిపడింది. సగం నురగతో ఆయన నిటారుగా లేచి కూర్చున్నాడు. ముగ్గురు బయటికి పరిగెత్తారు.

"లోడొచ్చిందా?" అన్నాడు. ఎదురుగా దిమ్మలు కనిపించాయి. కళ్లు సరిగ్గా తెరవకుండానే ఒకటి భుజానికెత్తుకున్నాడు.

దాన్ని దింపించేసరికి అందరికీ చెమటలు పట్టాయి. "ఫ్యాక్టరీలో దిమ్మ జారినప్పుడల్లా గంట కొడతారే," అన్నాడాయన. "నీ గంట మోగితే లేచి కూర్చోవడమే సరిపోయింది. నువ్వు బెంగపడతావని దారం ఫ్యానుకి కట్టి, ఓ కునుకు తీద్దామని ఇక్కడికొచ్చా. ఏం, తప్పా?"

సాయంత్రం కూతురు మొహం వేలాడేసుకుని వచ్చింది. "చార్టులో కథ ఉత్తిదటమ్మా. హెడ్మాస్టరు గారు చెప్పారు. ఆ బెల్ మాట బాక్సింగ్‌ది. దెబ్బలు తినేవాణ్ణి రౌండు ముగిసే గంట కాపాడుతుందట."

"కాపాడింది గంటేగా," అంది తల్లి. గంట తుడిచి అలమరలో పెట్టకుండా, చేతికందేచోట మేకుకి తగిలించింది.

మర్నాడు ఫ్యాక్టరీనుంచి కబురొచ్చింది. ఆయన్ని పగటి షిఫ్టుకి మార్చారు. ఒకసారి పోయిన మనిషి పక్కన రాత్రిపూట పనిచెయ్యడానికి మిగతావాళ్లెవరూ ఒప్పుకోలేదట.